రష్యాలో ఉద్యోగం అంటున్నారా? గల్ఫ్‌కు ఉన్న తనిఖీ అక్కడికి లేదు.. బయల్దేరే ముందు మీరే చూసుకోవాల్సినవి

రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల వైపు ‘బయటి దేశం పోయిండు’ అంటే గల్ఫ్ పోయాడనే అర్థం. దుబాయ్, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్. 1970లలో మొదలైన ఈ వలసలో మోసాలకు కొదవ లేదు. కానీ ఆ మోసాల తీరు ఊరందరికీ తెలుసు. ‘ఆజాద్ వీసా’ అంటే ఏమిటో, ‘ఖల్లివెల్లి’ అయితే ఏం జరుగుతుందో ఇంట్లో ఒకరైనా అనుభవించి వచ్చినవారే ఉంటారు.

ఇప్పుడు ఏజెంట్ల నోట, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో, యూట్యూబ్ వీడియోల్లో కొత్త పేరు వినిపిస్తోంది. అది రష్యా. గల్ఫ్‌కు రెట్టింపు జీతం, ఎండ బాధ లేదు, పాస్‌పోర్టు ఉంటే చాలు అన్నది ప్రచారం. ఇందులో కొంత నిజం ఉంది. రష్యాలో పనివాళ్ల కొరత నిజమే. భారత్, రష్యా మధ్య కార్మికుల రాకపోకలపై ఒప్పందం కుదిరిందీ నిజమే. 2025 డిసెంబరు 5న రష్యా అధ్యక్షుడు పుతిన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఈ పత్రాలపై సంతకాలు జరిగాయి. ఎక్కువ మంది భారతీయులు నిర్మాణ, జౌళి రంగాల్లో పనిచేస్తున్నారని మాస్కోలోని మన రాయబార కార్యాలయమే చెప్పింది. మరమగ్గం పని తెలిసిన సిరిసిల్ల యువకుడికి ఈ కబురు ఆశ పుట్టించడంలో వింత లేదు.

అయితే గల్ఫ్ వెళ్లే కార్మికుడి కాగితాలను విమానం ఎక్కే ముందు ప్రభుత్వం ఒకసారి చూస్తుంది. రష్యా వెళ్లేవారికి ఆ మెట్టే లేదు. ఆ తనిఖీ ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవాలి. ఎలాగో చూద్దాం.

ఈసీఆర్ జాబితాలో రష్యా ఎందుకు లేదు? లేకపోతే ఏంటి?

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా ‘ఈసీఆర్’ అని ఉంటుంది. అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనుమతి తప్పనిసరి. ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. యజమాని ఎవరు, జీతం ఎంత, కాంట్రాక్టు ఉందా, బీమా ఉందా అన్నది అక్కడ చూస్తారు. ఈ నిబంధన 18 దేశాలకు వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలు ఆరూ అందులో ఉన్నాయి. ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, మలేసియా, థాయ్‌లాండ్, ఇండొనేసియా వంటివి కూడా ఉన్నాయి. రష్యా లేదు.

కార్మిక చట్టాలు బలహీనంగా ఉన్నాయనో, పనివాళ్లకు రక్షణ తక్కువనో భావించిన దేశాలతో ఈ జాబితా తయారైంది. ఒకప్పుడు మన దగ్గర నుంచి రష్యాకు కూలి పనికి వెళ్లేవారే లేరు. వెళ్లేది ఎంబీబీఎస్ విద్యార్థులే. కాలం మారింది, జాబితా మారలేదు.

దీనివల్ల నష్టం రెండు విధాలు. మొదటిది, కాగితాలు చూసేవారు ఉండరు. చేతిలో టూరిస్టు వీసా, ఫోన్‌లో ఏజెంటు పంపిన ‘ఆఫర్ లెటర్’ పెట్టుకుని వెళ్లిపోవచ్చు. రెండోది బీమా. ఈసీఆర్ దేశాలకు వెళ్లే కార్మికులకు ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం కడితే ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. రష్యా వెళ్లేవారికి ఈ బీమా దానంతటది రాదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల పరిహారం కూడా గల్ఫ్ వలస కోసం ఉద్దేశించినదే.

ఏజెంటుకు లైసెన్సు మాత్రం తప్పనిసరే

‘రష్యాకు ఈసీఆర్ లేదు కాబట్టి మాకు లైసెన్సు అక్కర్లేదు’ అని కొందరు ఏజెంట్లు చెబుతుంటారు. ఇది అబద్ధం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాల్లో ఏ ఉద్యోగానికి మనుషుల్ని తీసుకున్నా విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెన్సీయే ఆ పని చేయాలి. దేశం ఏదన్న దాంతో సంబంధం లేదు. ‘సబ్ ఏజెంట్’ అనే మాటకు ఈ చట్టంలో చోటే లేదు. కానీ మన ఊళ్లలో డబ్బు చేతులు మారేది ఎక్కువగా ఈ సబ్ ఏజెంట్ల దగ్గరే.

తనిఖీకి ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్ ఉంది. ఏజెన్సీ పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, గడువు తీరిందా, సస్పెండ్ అయిందా అన్నది కనిపిస్తుంది. పేరు ఒక్కటే కలిస్తే సరిపోదు. పోర్టల్‌లో ఉన్న చిరునామా, ఫోన్ నంబరు మీతో మాట్లాడుతున్న వ్యక్తివేనా అన్నది చూడండి. అక్కడ ఉన్న నంబరుకే ఫోన్ చేసి ‘ఫలానా మనిషి మీ దగ్గర పనిచేస్తున్నాడా’ అని అడగండి. అసలు ఏజెన్సీ పేరు వాడుకుని మధ్యలో మోసం చేసేవారు గల్ఫ్ వలసలోనూ ఉన్నారు.

నమోదైన ఏజెన్సీ అభ్యర్థి నుంచి తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. ఎవరైనా మూడు లక్షలు, నాలుగు లక్షలు నగదుగా అడుగుతున్నారంటే మీరు మాట్లాడుతున్నది చట్టం పరిధిలో ఉన్న మనిషితో కాదు. ఇక ఈ చట్టం కింద అక్రమ ఏజెంటుకు పడే శిక్ష ఎంతో తెలుసా? రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. నలభై ఏళ్ల కిందటి ఆ అంకె చూస్తే ఏజెంట్లు ఎందుకు భయపడరో అర్థమవుతుంది. అందుకే ఫిర్యాదు చేసేటప్పుడు భారతీయ న్యాయ సంహితలోని మోసం, మనుషుల అక్రమ రవాణా సెక్షన్లు కూడా పెట్టమని పోలీసులను అడగాలి.

ప్రైవేటు ఏజెన్సీలే దిక్కు కాదు. తెలంగాణ ప్రభుత్వానికి ‘టామ్‌కామ్’ అనే సొంత సంస్థ ఉంది. విదేశీ ఉద్యోగాల నియామకాలు అది కూడా చేస్తుంది. కనీసం అక్కడ ఒకసారి అడగడానికి ఖర్చేమీ లేదు.

ఏ వీసా మీద వెళ్తున్నారు?

మోసం ఎక్కువగా బయటపడేది ఈ ప్రశ్న దగ్గరే. రష్యా 2023 ఆగస్టు నుంచి భారతీయులకు ఈ-వీసా ఇస్తోంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే కొద్ది రోజుల్లోనే వస్తుంది. మొదట్లో 16 రోజులే ఉండనిచ్చేవారు. 2025 ఆగస్టులో దాన్ని 30 రోజులకు పెంచారు. పర్యటనకు, బంధువులను చూడటానికి, వ్యాపార చర్చలకు, సదస్సులకు ఇది పనికొస్తుంది. దీనిపై ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం.

‘ముందు ఈ-వీసా మీద వెళ్లు, అక్కడికి పోయాక వర్క్ వీసాగా మార్పిస్తాం’ అనే మాట వింటే అక్కడితో సంభాషణ ఆపేయండి. గల్ఫ్‌లో విజిట్ వీసా మీద వెళ్లి పని వెతుక్కున్నవాళ్లు మన దగ్గర చాలామందే. ఆ అనుభవంతోనే ఈ మాట నమ్మబుద్ధి అవుతుంది. రష్యాలో పద్ధతి వేరు. అక్కడి యజమాని ముందు ఆహ్వాన పత్రం తీసుకోవాలి. దాని ఆధారంగా భారత్‌లోని రష్యా రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ వర్క్ వీసా ఇస్తుంది. తర్వాత వర్క్ పర్మిట్. అందుకు వైద్య పరీక్షలు, రష్యన్ భాష పరీక్ష ఉంటాయి.

‘పేటెంట్’ అనే మాట కూడా ఏజెంట్లు వాడుతుంటారు. అది ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్ వంటి వీసా అక్కర్లేని దేశాల కార్మికులకు ఇచ్చే అనుమతి. భారతీయులకు వర్తించదు. ‘నీకు పేటెంట్ ఇప్పిస్తా’ అన్నవాడికి విషయం తెలియదు, లేదా మీకు తెలియదని వాడికి తెలుసు.

సంతకం.. అసలు ప్రమాదం ఇక్కడే

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్, నారాయణపేట, కర్ణాటకలోని కలబురగి యువకుల కుటుంబాలు బయటకు వచ్చి మాట్లాడాక దేశానికి ఒక విషయం తెలిసింది. సెక్యూరిటీ గార్డు, ఆర్మీ హెల్పర్ వంటి ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లిన యువకులను రష్యా సైన్యంలో చేర్చి ఉక్రెయిన్ యుద్ధరంగానికి పంపారు. ఆ మార్చి 6న హైదరాబాద్ యువకుడొకరు మరణించినట్లు మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. మరుసటి రోజే సీబీఐ ఏడు నగరాల్లో సోదాలు చేసింది. ఆ జూలైలో ప్రధాని మోదీ మాస్కోలో పుతిన్‌తో ఈ విషయం మాట్లాడారు. నారాయణపేట యువకుడు, కలబురగి మిత్రులు సెప్టెంబరులో ఇల్లు చేరారు.

అయినా ఇది ఆగలేదు. 2025 జనవరి నాటికి 126 మంది భారతీయులు రష్యా సైన్యంలో చేరినట్లు, వారిలో 12 మంది మరణించినట్లు, 96 మంది తిరిగొచ్చినట్లు విదేశాంగ శాఖ చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో చేరినవారి సంఖ్య 202కు, మృతుల సంఖ్య 26కు పెరిగింది. ఈ మధ్యలోనే, నిర్మాణ పని అని వెళ్లిన మరో హైదరాబాద్ యువకుడు తనను యుద్ధానికి పంపారంటూ వీడియో పెట్టాడు. అంటే పత్రికల్లో అంత వచ్చిన తర్వాత కూడా మన దగ్గర నుంచే మళ్లీ వెళ్లారు. వాళ్లు అమాయకులని అనుకోవడం సులువు. కానీ వాళ్లకు చెప్పిన ఉద్యోగం వేరు, చేయించిన సంతకం వేరు.

ఆ కాగితం రష్యన్‌లో ఉంటుంది. చదవలేని లిపి, చలిలో ఎవరూ తెలియని ఊరు, పాస్‌పోర్టు అప్పటికే వేరొకరి చేతిలో. కాబట్టి రెండు మాటల తేడా ఇక్కడి నుంచే నేర్చుకుని వెళ్లండి. మామూలు ఉద్యోగ ఒప్పందాన్ని ‘త్రుదవోయ్ దగవోర్’ అంటారు. ‘వయెన్నాయ స్లూజ్బా’ అంటే సైనిక సేవ. ‘మినిస్తెర్‌స్త్వొ అబరోనీ’ అంటే రక్షణ శాఖ. ఫోన్‌లో అనువాద యాప్ పెట్టుకుని, రష్యన్ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంటర్నెట్ లేకున్నా కెమెరా పెడితే కాగితం మీద ఏముందో కొంతైనా తెలుస్తుంది. సైన్యం, రక్షణ శాఖ అనే మాట కనిపిస్తే సంతకం పెట్టొద్దు. వంటవాడు, డ్రైవర్, కందకాలు తవ్వే కూలీ అని చెప్పినా అది సైనిక ఒప్పందమే అవుతుంది.

‘ఏడాదే కదా, తర్వాత వచ్చేయొచ్చు’ అన్నది మరో మాట. రష్యా 2022 సెప్టెంబరు 21న ప్రకటించిన పాక్షిక సైనిక సమీకరణ ఉత్తర్వు ప్రకారం సైనిక ఒప్పందాలు గడువు తీరినంత మాత్రాన ముగిసిపోవు. కాగితం మీద ఏడాది అని ఉన్నా అది ఏడాది కాకపోవచ్చు. భారతీయులు ఇప్పటిదాకా బయటపడింది రెండు ప్రభుత్వాల మధ్య మాటలు జరిగాకే.

యువతుల విషయంలో ఇంకో హెచ్చరిక. తతార్‌స్థాన్‌లోని అలబూగ పారిశ్రామిక వాడ 18 నుంచి 22 ఏళ్ల విదేశీ యువతుల కోసం ‘పని, చదువు’ పేరుతో సోషల్ మీడియాలో పెద్దఎత్తున ప్రచారం చేసింది. ఎక్కువగా ఆఫ్రికా దేశాల నుంచి వెళ్లినవారిని అక్కడ డ్రోన్ల తయారీలో పెట్టారని అంతర్జాతీయ వార్తా సంస్థలు 2024లో బయటపెట్టాయి. హోటల్ పని అని చెబితే ఏ ఊళ్లో, ఏ కంపెనీలో అన్నది మ్యాప్‌లో వెతికి చూడండి.

చదువుకోవడానికి వెళ్తుంటే?

రష్యాలో ఉన్న భారతీయ యువతలో ఎక్కువమంది వైద్య విద్యార్థులే. వారి దారి కాస్త సురక్షితం, కానీ సులువు కాదు. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం నీట్ అర్హత ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లిష్ మాధ్యమంలో సాగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. మధ్యలో కాలేజీ మారకూడదు. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి, ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. కన్సల్టెన్సీ చూపించే బ్రోచర్‌లో ఈ లెక్క చివరి పేజీలో కూడా ఉండదు.

గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో రెగ్యులర్‌గా చదివే విదేశీ విద్యార్థి ఖాళీ సమయంలో విడిగా పర్మిట్ లేకుండా పని చేసుకోవచ్చని రష్యా 2020లో చట్టం మార్చింది. అయితే ‘పార్సిల్ ఇచ్చి రావడమే’ అనే కొరియర్ పనులకు దూరంగా ఉండాలి. మత్తుమందుల కేసుల్లో అక్కడి శిక్షలు చాలా కఠినం. 2025 అక్టోబరులో ఉక్రెయిన్ సైన్యానికి చిక్కిన గుజరాత్ విద్యార్థి, డ్రగ్స్ కేసులో జైలు తప్పించుకోవడానికే సైన్యంలో చేరినట్లు ఆ దేశం విడుదల చేసిన వీడియోలో చెప్పాడు. ఇక్కడి నుంచి మందులు తీసుకెళ్లేటప్పుడు కూడా జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ వంటివి డాక్టర్ చీటీ లేకుండా బ్యాగులో పెట్టొద్దు. పక్కింటివాళ్లు ఇచ్చిన మూట విప్పి చూడకుండా తీసుకెళ్లొద్దు.

నదుల విషయం కూడా చెప్పాలి. 2024 జూన్‌లో వెలికీ నొవ్‌గొరద్ వద్ద వోల్ఖొవ్ నదిలో నలుగురు భారతీయ వైద్య విద్యార్థులు మునిగి చనిపోయారు. వేసవిలో కూడా అక్కడి నీళ్లు మన గోదావరిలా ఉండవు.

దిగిన మొదటి వారం

విమానాశ్రయంలో ‘మైగ్రేషన్ కార్డు’ ఇస్తారు. చిన్న కాగితమే, కానీ దేశం విడిచేదాకా దాచుకోవాలి. పని చేయడానికి వచ్చారా, చదువుకా, పర్యటనకా అన్న ఉద్దేశం దానిపై ఉంటుంది. వీసాలో ఒకటి, కార్డులో మరొకటి ఉంటే అక్కడే సరిచేయించాలి.

చేరిన ఏడు పనిదినాల్లో మీ చిరునామా నమోదు కావాలి. హోటల్ అయితే వాళ్లే చేస్తారు. హాస్టల్ అయితే విశ్వవిద్యాలయం, గది అయితే ఇంటి యజమాని లేదా కంపెనీ చేయాలి. ఆ కాగితం నకలు మీ దగ్గర ఉండాలి. పనికి వెళ్లినవారు 30 రోజుల్లో, చదువుకు వెళ్లి 90 రోజులకు మించి ఉండేవారు నిర్ణీత గడువులోగా వేలిముద్రలు, వైద్య పరీక్షలు పూర్తి చేయాలి. గల్ఫ్‌లో ఖల్లివెల్లి అయినా ఆమ్నెస్టీ వస్తుందని కొందరు ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. రష్యాలో ఆ ధీమా పనికిరాదు. 2025 ఫిబ్రవరి నుంచి చట్టబద్ధ హోదా లేని విదేశీయుల పేర్లు ప్రత్యేక రిజిస్టర్‌లోకి ఎక్కుతున్నాయి. అందులో పడితే బ్యాంకు ఖాతా సహా చాలా వాటికి కోత పడుతుంది.

డబ్బు సంగతి ఇంకోటి. ఇక్కడి బ్యాంకు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. ఫోన్‌పే, గూగుల్ పే మర్చిపోవాలి. మొదటి నెలకు సరిపడా డాలర్లు లేదా యూరోలు నగదుగా తీసుకెళ్లి మార్చుకోవాలి. ఇంటికి డబ్బు పంపడం కూడా గల్ఫ్ ఎక్స్‌చేంజ్ కౌంటర్ అంత తేలిక కాదు. రష్యాలోని పెద్ద బ్యాంకులు కొన్నింటిని 2022లో స్విఫ్ట్ నుంచి తీసేశారు. ‘జీతం ఏ బ్యాంకులో వేస్తారు, ఇంటికి ఎట్ల పంపాలి’ అని యజమానిని ముందే అడగండి. అప్పు తెచ్చి వెళ్తున్నవారికి ఈ ప్రశ్న జీతం ఎంతన్న ప్రశ్నకేమీ తీసిపోదు.

ఫోన్ కూడా అంతే. 2025 జనవరి నుంచి విదేశీయులకు సిమ్ కావాలంటే బయోమెట్రిక్ నమోదు చేయించుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను 2022లోనే ఆపేశారు. వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌పై 2025 ఆగస్టులో ఆంక్షలు పెట్టారు. ‘రోజూ వీడియో కాల్ చేస్తా అమ్మా’ అని మాట ఇచ్చి వెళ్లిన కొడుకు ఫోన్ చేయకపోతే కారణం ఇదీ కావచ్చు, వేరేదీ కావచ్చు. ఆ అయోమయం లేకుండా మామూలు ఫోన్ కాల్‌కు ఒక రోజు, ఒక సమయం పెట్టుకోండి. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది.

గల్ఫ్‌లో ఆపద వస్తే మొదట ఆదుకునేది ఎంబసీ కాదు. పక్క గదిలో ఉన్న మన జిల్లావాళ్లు. చందాలు వేసుకుని టికెట్ కొనిచ్చేది వాళ్లే. రష్యాలో పనిచోట అలాంటి ఆసరా ఇంకా ఏర్పడలేదు. కాబట్టి కాగితాలే తోడు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, మైగ్రేషన్ కార్డు, నమోదు పత్రం అన్నీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. ఏజెంటుతో జరిగిన చాటింగ్, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు ఏవీ తొలగించొద్దు.

ఆపద వస్తే ఎవరిని అడగాలి?

రష్యాలో ఎక్కడి నుంచైనా అత్యవసర నంబరు 112. మన రాయబార కార్యాలయం మాస్కోలో ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్, వ్లాదివొస్తోక్‌లలో కాన్సులేట్లు ముందు నుంచే ఉన్నాయి. 2025 నవంబరులో కజాన్, యెకతెరిన్‌బర్గ్‌లలో మరో రెండు తెరిచారు. వెళ్లే నగరం ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో ముందే చూసి నంబరు కాగితంపై రాసుకోండి. ఫోన్ లాక్కుంటే కాగితమే మిగులుతుంది.

ఇంటివాళ్లు ఇక్కడి నుంచి చేయాల్సింది మూడు చోట్ల ఒకేసారి మొదలుపెట్టాలి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోవాలి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఏజెంటుపై ఎఫ్ఐఆర్ పెట్టించాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరులో మొదలైన ‘ప్రవాసీ ప్రజావాణి’లోనూ అర్జీ ఇవ్వొచ్చు.

ఫిర్యాదులో పేరు, పాస్‌పోర్టు నంబరు, బయల్దేరిన తేదీ, చివరిసారి మాట్లాడిన తేదీ, అప్పుడు ఉన్న ఊరు, ఏజెంటు వివరాలు రాయండి. ‘సంతకం చేయమంటున్నారు’ అన్న ఫోన్ వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టండి. శిక్షణ శిబిరంలో ఉన్న మనిషి ఆచూకీ తీయడం వేరు, సరిహద్దుకు తరలించాక వెతకడం వేరు.